తొక్కుడు పలక: క్యూలైను అడుగులతో దీపాలు వెలిగించే పద్ధతి

జాతరలో, ఎగ్జిబిషన్‌లో, గుడి క్యూలైన్‌లో వేల మంది నడుస్తుంటారు కదా, ఆ నడకతోనే కరెంటు తీస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 2008లో టోక్యో స్టేషన్ టికెట్ గేట్ల దగ్గర జేఆర్ ఈస్ట్ రైల్వే ఇలాంటి నేల వేసి చూసింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఒక క్లబ్బు, డాన్స్ చేసేవాళ్ల అడుగులతో వెలిగే నేల పరిచింది. 2013 పారిస్ మారథాన్‌లో పేవ్‌జెన్ కంపెనీ పలకల మీదుగా పరుగు సాగింది. బ్రిటిష్ సంగీత బృందం కోల్డ్‌ప్లే 2022లో మొదలుపెట్టిన కచేరీ యాత్రకు గెంతే నేలలు, తొక్కే సైకిళ్లు వెంట తీసుకెళ్లింది. ఇలాంటి పలక ఒకటి మన ఊళ్లో దొరికే సామానుతో ఎలా చేయాలో, దానితో ఏది అవుతుందో ఏది కాదో కింద ఉంది. చదువుతూ చదువుతూనే ప్లైవుడ్ కొనడానికి బయల్దేరకుండా, ముందు లెక్క చూసుకోండి.

ముందు లెక్క

60 కిలోల మనిషి 5 మిల్లీమీటర్లు దిగే పలక మీద అడుగేస్తే, పలకకు అందేది 600 న్యూటన్ల బరువు ఇంటూ 0.005 మీటర్లు, అంటే 3 జూళ్లు (జూల్ శక్తికి కొలత). అంతకన్నా ఎక్కువ రాదు. ఏ కంపెనీ పలకైనా ఈ గుణకారం దాటి పోలేదు. ఎక్కువ కావాలంటే పలక ఎక్కువ దిగాలి, దిగుడు ఎక్కువైతే ఇసుకలో నడిచినట్టుంటుంది, జనం తూలతారు. ఆ 3 జూళ్లలో గేర్ల రాపిడికి కొంత, మోటారు వేడికి కొంత, డయోడ్లకు కొంత పోగా చేతికి చిక్కేది అర జూల్ అనుకుని మొదలుపెట్టండి. బాగా కుదిరితే ఒక జూల్ దాకా వస్తుంది.

ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జూళ్లు. అర జూల్ చొప్పున 72 లక్షల అడుగులు పడితే గానీ మీటరులో ఒక్క అంకె తిరగదు. తిరుమలలో రోజూ దర్శనానికి వెళ్లే అటూఇటుగా 70 వేల మందీ ఒక్కొక్కరు ఒక్కసారి మీ పలక తొక్కారనుకోండి: 35,000 జూళ్లు. ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటకు కాస్త పైన వెలుగుతుంది. మామూలు 5,000 ఎంఏహెచ్ ఫోను పూర్తిగా చార్జ్ కావడానికి, నష్టాలతో కలిపి సుమారు 90,000 జూళ్లు కావాలి, అంటే లక్షా ఎనభై వేల అడుగులు.

కాబట్టి ఈ పలక కరెంటు బిల్లు తగ్గించడానికి కాదు. కాలు పెట్టగానే కాలి పక్కన దీపం వెలగడం, ఆ వెలుగు తన అడుగుదేనని తొక్కినవాళ్లకు తెలియడం, ఇంతవరకే దీని పని. ఇంతకు మించి మాట ఇచ్చి నిర్వాహకుల దగ్గర డబ్బు తీసుకోవద్దు. బ్రెజిల్‌లో రియో నగరంలోని మోర్రో ద మినేరా బస్తీలో 2014లో ఫుట్‌బాల్ మైదానం కింద ఇలాంటి పలకలు పరిచారు గానీ, ఫ్లడ్‌లైట్ల కోసం పక్కనే సోలార్ పలకలూ పెట్టారు. ఆ రెండో సంగతి వీడియోల్లో అంతగా కనపడదు.

పీజో బిళ్లలతో ఎందుకు వద్దు

ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లో పది రూపాయల పీజో బిళ్లలు (వంచితే వోల్టేజీ పుట్టే బిళ్లలు) రెండు డజన్లు అట్ట మీద అతికించి, మల్టీమీటరు పెట్టి 40 వోల్టులు చూపిస్తారు. వోల్టులు నిజమే, వెనక సత్తువ లేదు. 27 మి.మీ. బిళ్ల కెపాసిటీ సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని 50 వోల్టుల దాకా వంచినా అందులో ఉండేది 25 మైక్రోజూళ్లే. ఇరవై నాలుగు బిళ్లలు కలిపితే 0.6 మిల్లీజూల్, అంటే పైన చెప్పిన అర జూల్‌లో ఎనిమిది వందలో వంతు. ఈ లెక్కన ఒక ఫోను నిండాలంటే 15 కోట్ల అడుగులు పడాలి. బల్ల మీద ప్రదర్శనలో ఫోను చార్జ్ అవుతున్నట్టు కనిపించిందంటే బల్ల కింద బ్యాటరీ ఎక్కడుందో వెతకండి.

పీజో బిళ్ల బాగా పనికొచ్చేది అడుగులు లెక్కపెట్టడానికి. పలక దిగి ఆగే రబ్బరు ఆపుడు దగ్గర ఒక బిళ్ల పెట్టి, దానికి అడ్డంగా 1 మెగాఓమ్ రెసిస్టరు వేసి, 5.1 వోల్టుల చిన్న జెనర్‌తో (వోల్టేజీని హద్దు దాటనీయని డయోడు) కాపాడుతూ ఆర్డునో అనే చిన్న కంప్యూటరు బోర్డుకు ఇస్తే ఎన్ని అడుగులు పడ్డాయో తేలిపోతుంది. ఆర్డునోకు కరెంటు మాత్రం పవర్ బ్యాంకు నుంచి ఇవ్వండి.

దీపం వెలగాలంటే గేరు మోటారే కావాలి, దాని షాఫ్టును బయటి నుంచి తిప్పితే అదే జనరేటరు.

ఒక పలకకు కావలసిన సామాను

- 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ మెరైన్ ప్లైవుడ్, 450 × 450 మి.మీ. ముక్క ఒకటి, చట్రం అడుగున వేయడానికి 12 మి.మీ. ముక్క ఒకటి
- 25 × 25 × 3 మి.మీ. ఇనుప యాంగిల్, చట్రానికి, అడ్డపట్టీకి కలిపి 3 మీటర్లు
- 25 మి.మీ. చదరపు పైపు, 400 మి.మీ. ముక్కలు రెండు
- 4 అంగుళాల ఉక్కు తలుపు బందులు రెండు
- స్ప్రింగులు రెండు: తీగ మందం 2.5 మి.మీ., బయటి వ్యాసం 22–23 మి.మీ., పనిచేసే చుట్లు ఎనిమిది, పొడవు 50 మి.మీ.
- 65 మి.మీ. ఎమ్8 బోల్టులు రెండు, నైలాన్ లాక్ నట్లతో
- 12 వోల్టులు, 100 ఆర్‌పీఎం జాన్సన్ గేర్ మోటారు రెండు, వాటి ఎల్ బిగింపులతో
- మాడ్యూల్ 1 (పళ్ల సైజు), 20 పళ్ల ఉక్కు పినియన్ (చిన్న పళ్ల చక్రం) రెండు, 6 మి.మీ. రంధ్రం, గ్రబ్ స్క్రూతో (తల లేని స్క్రూ); అదే మాడ్యూల్ ర్యాక్ (తిన్నటి పళ్ల పట్టీ), 50 మి.మీ. ముక్కలు రెండు
- 1ఎన్5822 షాట్కీ డయోడ్లు ఎనిమిది
- 2.7 వోల్టులు, 10 ఫారడ్ల సూపర్ కెపాసిటర్లు (కరెంటు దాచుకునేవి) రెండు. 10 కిలోఓమ్ రెసిస్టర్లు రెండు
- 5.1 వోల్టులు, 5 వాట్ల జెనర్ 1ఎన్5338 ఒకటి
- తెల్ల ఎల్‌ఈడీలు ఐదు, 220 ఓమ్ రెసిస్టర్లు ఐదు
- 3 మి.మీ. గళ్ల రబ్బరు మ్యాట్, రబ్బరు ఆపుళ్లు రెండు

మోటారు విషయంలో ఒక హెచ్చరిక. స్క్రాప్ షాపులో కారు వైపరు మోటారో, అద్దాలు ఎత్తే మోటారో చవకగా దొరుకుతుంది. వాటిలో వర్మ్ గేరు ఉంటుంది. మోటారు షాఫ్టును తిప్పగలదు గానీ షాఫ్టు మోటారును తిప్పలేదు, అవతలి వైపు నుంచి తాళం పడినట్టే. కొనేముందు షాఫ్టును ప్లయరుతో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. తిరగకపోతే పక్కన పెట్టేయండి. తిరిగితే వైర్లు రెండూ కలిపి మళ్లీ తిప్పండి. బరువెక్కినట్టు అనిపిస్తే అది మంచి జనరేటరు.

చట్రం, పలక, బందులు

ఎక్కువమంది చేసే తప్పు, నాలుగు మూలలా నాలుగు స్ప్రింగులు పెట్టి, మధ్యలో ర్యాక్ నిలబెట్టడం. కాలు నడిమధ్య పడినప్పుడు బాగానే దిగుతుంది. మూల మీద పడగానే పలక ఒరుగుతుంది, ర్యాక్ పినియన్‌కు అడ్డం తిరిగి బిగుసుకుంటుంది. క్యూలో ఎవరూ నడిమధ్య చూసి అడుగేయరు. అందుకే పలకకు ఒక అంచున తలుపుకు వేసినట్టు బందులు వేసి, ఎదుటి అంచు మాత్రమే లేచి దిగేలా చేయాలి. అప్పుడు కాలు ఎక్కడ పడినా కదలిక ఒకటే దారిలో ఉంటుంది.

బందుల అంచు ఎప్పుడూ జనం వచ్చే వైపు ఉండాలి. అడుగు పెట్టే చోట గడపలా పొడుచుకొచ్చేది ఏదీ ఉండదు. లేచి ఉన్న అంచు అవతలి వైపు 10 మి.మీ. ఎత్తులో ఉన్నా, మనిషి దాన్ని దాటేసరికి తన బరువుకే అది నేలకు సమంగా దిగిపోయి ఉంటుంది. ఇదే పలక మీద ఎదురుగా వచ్చేవాడికి మాత్రం ఆ 10 మి.మీ. కాలివేళ్లకు కొట్టుకుంటుంది. కనుక రెండు వైపులా జనం నడిచే దారిలో ఈ పలక వేయనే వేయకూడదు.

యాంగిల్‌తో 460 మి.మీ. చదరపు చట్రం వెల్డింగ్ చేయించండి. కదిలే అంచు కింద, నేలకు 25 మి.మీ. ఎత్తులో ఒక అడ్డపట్టీ ఉండాలి. స్ప్రింగులు దాని మీద కూర్చుంటాయి. పలక అడుగున చదరపు పైపులు రెండూ బందుల వైపు నుంచి కదిలే అంచు దాకా పొడవుగా బిగించండి. వీటిని మానేస్తే 80 కిలోల మనిషికి ప్లైవుడ్ నడుమ 1 మి.మీ. దాకా వంగుతుంది. కదిలే అంచు 10 మి.మీ. దిగినా నడిమధ్య మనకున్నదే 5 మి.మీ. అయినప్పుడు ఐదో వంతు చెక్క వంపుకే ధారపోయడం ఎందుకు?

పైన రబ్బరు మ్యాట్ అంటించేటప్పుడు ఫెవికాల్ కాకుండా రబ్బరు జిగురు వాడండి. నీళ్లు పడే చోట ఫెవికాల్ రెండో రోజుకే పొరలు లేస్తుంది. రేకు గానీ స్టీలు గానీ పైకప్పుగా వేయొద్దు. గుడి దగ్గర జనం చెప్పుల్లేకుండా నడుస్తారు, మధ్యాహ్నం ఎండకు అరికాళ్లు కాలతాయి.

పలకకూ చట్రానికీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. ఆ సందును పైనుంచి మెత్తటి రబ్బరు పట్టీతో మూసేయాలి. మెట్టెలు, పట్టీల మువ్వలు, చీర కుచ్చిళ్లు, పసిపిల్లల వేళ్లు, ఇవన్నీ ఆ సందునే వెతుక్కుంటూ వస్తాయి.

స్ప్రింగులు, వాటి బిగింపు

పలక కదిలే అంచు దగ్గర రెండు ఎమ్8 బోల్టులు పైనుంచి దిగి, స్ప్రింగుల నడుమగా అడ్డపట్టీ దాటి కిందికి రావాలి. బోల్టు తలలు ప్లైవుడ్‌లోకి పూర్తిగా దిగేలా గుంటలు తీయండి. అడ్డపట్టీలో రంధ్రం 12 మి.మీ. ఉండాలి, ఎందుకంటే పలక దిగేటప్పుడు బోల్టు కొద్దిగా ఒరుగుతుంది. కింద నట్టు బిగించేకొద్దీ స్ప్రింగు నొక్కుకుంటుంది. 50 మి.మీ. స్ప్రింగు 40 మి.మీ.కి వచ్చేదాకా బిగించి ఆపండి.

పైన చెప్పిన కొలతల స్ప్రింగు ఒక్కోటి మిల్లీమీటరుకు సుమారు 6 న్యూటన్లు తోస్తుంది. రెండూ కలిసి పలక పైనున్నప్పుడు 120 న్యూటన్లు, 10 మి.మీ. దిగాక 240 న్యూటన్లు. 60 కిలోల మనిషి నడిమధ్య నిలబడితే కదిలే అంచు మీద పడేది 300 న్యూటన్లు. ఆ తేడాయే దిగేటప్పుడు మోటార్లను తిప్పుతుంది. కాలు తీశాక స్ప్రింగులు దాచుకున్న శక్తి పలకను పైకి తోస్తూ మోటార్లను వెనక్కి తిప్పుతుంది. దిగేటప్పుడు దాదాపు సగం, లేచేటప్పుడు మిగతాది. స్ప్రింగు మింగేసినట్టు కనిపించేది నిజానికి ఎక్కడికీ పోదు, రెండో విడతలో తిరిగొస్తుంది. చాలా నమూనాల్లో లేచే విడతను వదిలేస్తారు, అక్కడే సగం నష్టం.

మరీ గట్టి స్ప్రింగులు వేస్తే పిల్లలకూ బక్కవాళ్లకూ పలక దిగదు. మరీ మెత్తనివైతే గేరు రాపిడిని గెలిచి పైకి రాలేక సగంలో నిలిచిపోతుంది.

రబ్బరు ఆపుళ్లు పలకకు సరిగ్గా 10 మి.మీ. కింద ఉండాలి. ఇవి లేకపోతే బరువంతా గేరు పళ్ల మీద ఆగుతుంది.

ర్యాక్, పినియన్, మోటారు

ర్యాక్ ముక్కలు రెండూ బందుల నుంచి 420 మి.మీ. దూరంలో, పలక అడుగున నిలువుగా, చెరో మూలకు దగ్గరగా బిగించండి. ఒక్కో ర్యాక్‌కు ఒక మోటారు. మాడ్యూల్ 1లో 20 పళ్లంటే పినియన్ వ్యాసార్థం 10 మి.మీ. 10 మి.మీ. దిగుడుకు అది ఒక రేడియన్, అంటే చుట్టులో ఆరో వంతుకు కొంచెం తక్కువ తిరుగుతుంది. అదే మోటారు లోపలి గేర్ల దగ్గర సుమారు అరవై రెట్లవుతుంది. బయట చూస్తే కొద్దిగా కదిలినట్టే ఉంటుంది, లోపల రోటరు పదిసార్లు గిర్రున తిరుగుతుంది.

పలక బందుల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ర్యాక్ నేరుగా దిగదు, పిసరంత వంపుగా దిగుతుంది. 420 మి.మీ. దూరంలో ఆ పక్క జరుగుడు పదో వంతు మిల్లీమీటరు పైచిలుకు. పళ్ల మధ్య ఆ మేర ఖాళీ ఉంచితే చాలు. దీనికో తేలిక ఉపాయం ఉంది. పలకను 5 మి.మీ. దిగిన చోట చెక్క ముక్కతో ఆపి, ర్యాక్‌కూ పినియన్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు పెట్టి, మోటారును కార్డు నలిగేలా ఒత్తి పట్టుకుని బిగింపు స్క్రూలు బిగించండి. తర్వాత పినియన్ తిప్పుతూ కార్డు లాగేయండి. ఖాళీ సరిగ్గా కుదురుతుంది. ఇందుకోసం మోటారు బిగింపు రంధ్రాలను ముందే ఆకురాయితో కోలగా చేసుకోవాలి.

గ్రబ్ స్క్రూ షాఫ్టు చదును మీదే కూర్చోవాలి, గుండ్రం మీద కాదు. బిగించేముందు మరలకు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయండి. గంటకు వెయ్యి సార్లు అటూ ఇటూ తిరిగే షాఫ్టు మీద ఏ స్క్రూ అయినా వదులవుతుంది. ఈ పలకలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

వైరింగ్

ఒక్కో మోటారుకు నాలుగు డయోడ్లతో ఒక బ్రిడ్జి, మోటారు ఎటు తిరిగినా కరెంటును ఒకే వైపు పంపేది. మోటార్లను ముందే కలిపి ఒకే బ్రిడ్జి పెట్టొద్దు. ఒక పినియన్ కాస్త వదులుంటే, గట్టిగా తిరిగే మోటారు రెండోదాన్ని ఫ్యానులా తిప్పుతూ కూర్చుంటుంది, బయటికి ఏమీ రాదు. రెండు బ్రిడ్జిల ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట కలపండి. షాట్కీలే ఎందుకంటే మామూలు 1ఎన్4007 జత వోల్టున్నరకు పైగా మింగుతుంది, షాట్కీ జత వోల్టు లోపే. వచ్చేదే ఆరేడు వోల్టులైనప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

సూపర్ కెపాసిటర్లు రెండూ వరుసగా కలిపితే 5 ఫారడ్లు, 5.4 వోల్టుల దాకా తట్టుకుంటాయి. ఒక్కోదానికి అడ్డంగా ఒక్కో 10 కిలోఓమ్ రెసిస్టరు, ఒకటి నిండిపోయి రెండోది ఖాళీగా ఉండిపోకుండా. 1 కిలోఓమ్ వేయమని కొన్ని చోట్ల రాస్తారు. ఇంత చిన్న కెపాసిటర్లకు అది ఎక్కువ, గంటకు వంద అడుగుల కష్టం అదే తాగేస్తుంది. మొత్తం జతకు అడ్డంగా జెనర్, గీత ఉన్న కొస ప్లస్ వైపు. కుర్రాళ్లు గెంతినప్పుడు ఎక్కువైన వోల్టేజీని అది వేడిగా వదిలేస్తుంది.

ఎల్‌ఈడీలు ఐదూ, ఒక్కోదానికి ఒక 220 ఓమ్‌తో, నేరుగా కెపాసిటర్లకే. మధ్యలో కన్వర్టరు ఏదీ వద్దు. 5 వోల్టుల దగ్గర ఒక్కో ఎల్‌ఈడీ 8–9 మిల్లీయాంపులు తీసుకుంటుంది, ఐదూ కలిపి 0.2 వాట్. నిమిషానికి ఇరవై మంది నడిచే క్యూలో ఒక్కో పలకకు వచ్చేది దాదాపు అంతే, కనుక జమా ఖర్చు సరిపోతుంది. జనం పలచబడితే 3 వోల్టులకు దగ్గరపడేకొద్దీ వెలుగు తగ్గుతూ పోతుంది. మళ్లీ పది మంది తొక్కగానే పుంజుకుంటుంది. అదే మీకు మీటరు, చూసేవాళ్లకు వినోదం.

డయోడ్లు, కెపాసిటర్లు ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టి సందులకు సిలికాన్ పూయండి. బాక్సును చట్రం అడుగున కాకుండా పక్కకు, నేలకు రెండు వేళ్ల ఎత్తులో బిగించండి. కొబ్బరి నీళ్లు, అభిషేకం నీళ్లు చేరేది అడుగుకే.

కొలిచి చూడండి

ఎల్‌ఈడీలు విప్పేసి, పలకను తొక్కుతూ కెపాసిటర్ల వోల్టేజీని 3.0కి తెచ్చుకోండి. అక్కడి నుంచి మామూలు నడక వేగంతో సరిగ్గా 50 అడుగులు వేసి మళ్లీ చూడండి. 4.0కి చేరిందనుకుందాం. శక్తి = సగం × 5 × (4² − 3²) = 17.5 జూళ్లు. యాభైతో భాగిస్తే అడుగుకు 0.35. మొదటిసారికి ఇది పర్వాలేదు. 0.2 కన్నా తక్కువైతే ఎక్కడో రాపిడి ఉంది. కెపాసిటరు మీద 10 ఫారడ్లు అని రాసున్నా ఇరవై శాతం అటూ ఇటూ ఉండొచ్చు, రెండో దశాంశం గురించి కొట్టుకోవద్దు.

తొక్కేటప్పుడు చెవి కూడా పెట్టండి. ధబ్ మని మోగితే మోటారు లాగాల్సిన శక్తిని రబ్బరు తింటోందని అర్థం. అంతకన్నా చెడ్డ సంగతి ఇంకోటుంది: వేగంగా తిరుగుతున్న రోటరు ఒక్కసారిగా ఆగాలంటే ఆ దెబ్బ గేరు పళ్ల మీదే పడుతుంది. సగం రోజుకే పళ్లు రాలడం ఇలాగే జరుగుతుంది. 100 బదులు 60 ఆర్‌పీఎం మోటారు వేస్తే బ్రేకు పెరిగి పలక మెత్తగా దిగుతుంది. అదే పలక బురదలో కూరుకున్నట్టు నెమ్మదిగా దిగి, తర్వాతి మనిషి వచ్చేలోపు పైకి రాకపోతే 150 లేదా 200 ఆర్‌పీఎంకు మారండి. కెపాసిటర్లు పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఏ పలకైనా బరువుగానే దిగుతుంది, ఖాళీ కెపాసిటరు మోటారుకు షార్ట్ సర్క్యూట్ లాంటిది. ఇది లోపం కాదు. జనం రాకముందే ఫోను చార్జరుతో, 10 ఓమ్ 5 వాట్ల రెసిస్టరు మధ్యలో పెట్టి, 4 వోల్టులు నింపేసుకుంటే మొదటి వరుసవాళ్లు చీకటి పలక తొక్కరు.

వోల్టేజీ పెరుగుతూ పెరుగుతూ 5 వోల్టులు రాకముందే ఒకచోట ఆగిపోయి, ఎంత తొక్కినా కదలకపోతే ఒక బ్రిడ్జిలో డయోడు తిరగబడి ఉంటుంది, లేదా ఒక పినియన్ షాఫ్టు మీద జారుతోంది. ఒక్కో మోటారు వైరు విప్పి విడివిడిగా చూస్తే ఏదో తెలిసిపోతుంది. ఎల్‌ఈడీలు లేకుండా రాత్రి నింపి పెట్టినది తెల్లారేసరికి కొంత దిగిపోతే కంగారు పడొద్దు, రెసిస్టర్లు తాగుతాయి. ఎంత తొక్కినా వోల్టు దగ్గరే ఆగి పైకి ఎక్కకపోతే జెనర్ తిరగబడింది.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

పలకంత ముఖ్యం ఇది. కదిలే నేల మీద గుంపు ఉందంటే ముందు ఆలోచించాల్సింది తొక్కిసలాట గురించి. ప్రవేశ ద్వారం, మలుపు, మెట్లు, వాలు, అత్యవసర దారి, గర్భగుడి ముందు ఆఖరి పది అడుగులు, వీటిలో దేని దగ్గరా వేయొద్దు. బారికేడ్ల మధ్య ఒక్కొక్కరుగా నడిచే తిన్నటి దారి, అది కూడా బయటికి వెళ్లే వైపు, సరైన చోటు. దర్శనమైనాక, సరుకులు కొన్నాక మనుషులు తొందరలో ఉండరు, ఒకరినొకరు తోసుకోరు. నాంపల్లి నుమాయిష్ లాంటి ఎగ్జిబిషన్‌లో అయితే స్టాల్ లోపల వేయండి, నడిచే వీధిలో కాదు.

“ఇక్కడ గెంతండి” అని బోర్డు పెట్టకండి. గెంతడానికి ఆగిన ఒక్కరి వెనక పదిమంది ఆగుతారు. ఫొటోలు దిగే పెద్ద తెర, అంకెలు తిరిగే డిస్‌ప్లే కూడా పలక దగ్గర కాకుండా పది మీటర్ల అవతల ఉండాలి.

చట్రం, స్ప్రింగు, ప్లైవుడ్ కలిపి ఎత్తు 85 మి.మీ. దాకా వస్తుంది కాబట్టి ముందూ వెనకా 1:12 వాలుతో, అంటే ఒక్కోటి మీటరు పొడవున, చెక్క ర్యాంపులు తప్పనిసరి. నాలుగు పలకలు వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా పరిచి, చట్రాలను ఒకదానికొకటి బోల్టులతో కలపండి. క్యూలో మనిషి చిన్న చిన్న అడుగులు వేస్తాడు, నాలుగు పలకల మీద నాలుగైదు అడుగులు పడతాయి. అంతా కలిపి వాట్ లోపే. పక్కన 900 మి.మీ. వెడల్పు మామూలు దారి వదలండి. చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లను, చక్రాల కుర్చీలను, చంకలో బిడ్డ ఉన్నవాళ్లను వాలంటీరు అటు పంపాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల అడుగు నుంచి మూడు జూళ్లు లాక్కోనక్కర్లేదు.

నిర్వాహకుల దగ్గర, బందోబస్తు చూసే పోలీసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వరుస మొత్తం రెండు నిమిషాల్లో ఎత్తి పక్కన పెట్టగలిగేలా ఉండాలి. ఇద్దరు మనుషులతో ఒకసారి ఎత్తి చూసుకున్నాకే జనాన్ని వదలండి.

ఫోన్లు చార్జ్ చేయాలంటే

సైకిలే దారి. మామూలు మనిషి అరగంట పాటు 50 వాట్లు తేలిగ్గా తొక్కగలడు, నాలుగు పలకల వరుస ఇచ్చేదానికి యాభై రెట్లకు పైన. 26 అంగుళాల సైకిలు వెనక చక్రాన్ని స్టాండు మీద ఎత్తి, టైరుకు ఒరుసుకునేలా 40 మి.మీ. రోలరు తగిలించిన 24 వోల్టుల, 250 వాట్ల ఈ-స్కూటర్ మోటారు పెట్టండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే రోలరు నిమిషానికి 2,650 చుట్లు తిరిగి 24 వోల్టులు వస్తాయి. అక్కడి నుంచి 10 యాంపుల షాట్కీ డయోడు, 14.4 వోల్టులకు సెట్ చేసిన బక్ కన్వర్టరు (వోల్టేజీ తగ్గించే బోర్డు), యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, దానికి కార్లలో వాడే యూఎస్‌బీ చార్జరు. డయోడు మరిచిపోతే తొక్కడం ఆపగానే బ్యాటరీయే మోటారును తిప్పి, వెనక చక్రం దానంతటదే తిరుగుతూ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. రోలరుకు, చెయినుకు జాలీ మూత వేయకుండా పిల్లల్ని దగ్గరకు రానీయొద్దు.

విప్పి సర్దేటప్పుడు

జాతర అయిపోయాక పలకల సందుల్లో పసుపు, కుంకుమ, బెల్లం పాకం, కొబ్బరి పీచు పేరుకుని ఉంటాయి. గేర్లలో పసుపు గ్రీజుతో కలిస్తే ముద్దలా గట్టిపడుతుంది. తడి గుడ్డతో తుడవకుండా ముందు బ్రష్‌తో పొడిగా దులిపి, తర్వాత కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, ర్యాక్‌కు కొత్త గ్రీజు పలచగా రాయండి. సూపర్ కెపాసిటర్ల కొసలను 10 ఓమ్ రెసిస్టరుతో కలిపి పూర్తిగా దించాకే పెట్టెలో పెట్టండి, చార్జ్ ఉన్నవాటి మీద ఇనుప పనిముట్టు పడితే మెరుపొచ్చి కొసలు కాలతాయి. పలకలను బోర్లించి, స్ప్రింగులు వదులయ్యేదాకా ఎమ్8 నట్లు విప్పి దాచండి. మళ్లీ వేసేటప్పుడు 40 మి.మీ. కొలత చూసి బిగించి, అన్ని గ్రబ్ స్క్రూలనూ ఒకసారి తిప్పి చూసుకోండి.